అప్పలనర్సమ్మ కాఫీ మానిన వారం

సత్యారావుకి ఆ రోజు వీక్లీ ఆఫ్. పొద్దున్నే అమ్మను హెల్త్ సెంటర్‌కి తీసుకెళ్ళి బీపీ చూపించాలి. తిరిగొచ్చాక కూలరుకి పాత గడ్డి పీకేసి కొత్త గడ్డి బిగించాలి. భోంచేసి దాని ముందు నడుం వాల్చాలి. ముందు రోజే అతను వేసుకున్న పథకం ఇది. మే నెల కావడంతో భిలాయి మొత్తాన్ని ఎవరో పెనం మీద పెట్టినట్టుంది. సెక్టర్ 7లో వాళ్ళ వరసలో అన్ని కిటికీల కూలర్లూ చల్లగా ఘోషిస్తుంటే, వాళ్ళది మాత్రం బయటి వేడిగాలిని ఇంకాస్త వేడి చేసి లోపలికి తోస్తోంది.

కూలరు సంగతి ఎలా ఉన్నా, బీపీ పని మాత్రం అతనికి తమాషా కాదు. అతని తండ్రి ఉక్కు ప్లాంటులో ముప్ఫై ఏళ్ళు పనిచేసి, రిటైరైన మరుసటి ఏడే ఒక ఉదయం అద్దం ముందు గడ్డం గీసుకుంటూ కూలబడిపోయాడు. ఆసుపత్రికి మోసుకెళ్తే బీపీ అన్నారు. ఆయనకు బీపీ ఉన్నట్టు అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ పూట నుంచి ఆ మాట చెవినపడితే చాలు, సత్యారావు మొహంలో నెత్తురు ఇంకిపోతుంది.

తల్లి అప్పలనర్సమ్మకి అరవై ఎనిమిదేళ్ళు. విజయనగరం పక్క పల్లె నుంచి భర్త వెంట వచ్చి, ప్లాంటు ఇంకా కడుతున్న రోజుల్లో క్యాంప్ 1లో రేకుల ఇంట్లో కాపురం పెట్టిన మనిషి. గొంతు పెంచి ఎరగదు. పెట్టింది తింటుంది, చెప్పింది వింటుంది. ఆమె తన కోసం తాను చేసుకునేది ఒక్క కాఫీయే. ఆ పని కోడలికి కూడా వదలదు. ఫిల్టర్లో పొడి వేసి, మరిగే నీళ్ళు పోసి, డికాషన్ దిగేదాకా పక్కనే పీట మీద కూర్చుంటుంది. పొద్దున ఒక గ్లాసు, మధ్యాహ్నం ఒక గ్లాసు. భర్త పోయిన మర్నాడు కూడా ఏడుస్తూనే ఆ గ్లాసు తాగింది. ఊరంతా టీ తాగే చోట, సివిక్ సెంటర్ దగ్గర మలయాళీ కొట్టు నుంచి నెలనెలా పొడి తెప్పించుకుని, ఆ ఇంట్లో కాఫీ వాసన చెదరకుండా కాపాడింది ఆవిడే.

ఆ ఉదయం బయలుదేరేముందు, హెల్త్ సెంటర్లో ఎంతసేపవుతుందో ఏమోనని ఆమె మధ్యాహ్నం గ్లాసు కూడా ముందుగానే తాగేసింది. అక్కడ లైను తొందరగానే కదిలింది. డాక్టరమ్మ చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టి, కాస్త ఎక్కువుందని కనుబొమలు ముడిచి, ఇప్పుడేమైనా తాగారా అని హిందీలో అడిగింది.

"కాఫీ. దో గిలాస్. అభీ అభీ" అంది అప్పలనర్సమ్మ, దాపరికం లేకుండా.

డాక్టరమ్మ నవ్వింది. అప్పుడే కాఫీ తాగితే బీపీ కొంచెంసేపు ఎక్కువ చూపిస్తుందని ఆమెకు తెలుసు. అందుకే చీటీ కూడా రాయకుండా, "ఏక్ హఫ్తే బాద్ లాయియే, బినా కాఫీ పియే" అని తర్వాతి పేషెంటును పిలిచింది. వారం తర్వాత తీసుకురండి, వచ్చేముందు కాఫీ తాగించకండి అని ఆమె భావం. బీపీ ఎక్కువుందన్న మాట దగ్గరే చెవులు మూసుకుపోయిన సత్యారావుకు అది మరోలా అందింది. వారం రోజులపాటు కాఫీ మాన్పించి, అప్పుడు తీసుకురావాలి.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే ఆ సంగతి ప్రకటించాడు. భార్య పద్మశ్రీ వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. కాలేజీ సెలవుల్లో ఉన్న కూతురు సత్యశ్రీ "క్యా? కాఫీ బంద్?" అంది.

"డాట్రమ్మ అలగన్నాదేటి? నాకలగ ఇనబడలేదురా" అంది అప్పలనర్సమ్మ.

"నేను పక్కనే ఉన్నాను కదమ్మా. వారం రోజులు చుక్క ముట్టకూడదు."

"వారమేనా?"

"వారమే. నువ్వు మానితే నేనూ మానతాను. ఇంట్లో అందరం మానేద్దాం. ప్లాంటులో టీ కూడా తాగను, సరేనా?"

ఆమె కొడుకు మొహంలోకి చూసింది. తండ్రి పడిపోయిన రోజున ఎలా ఉందో, ఆ మొహం అలాగే ఉంది. "అలాగే నాయినా. మానీస్తాను" అంది.

ఆమె వాదించి ఉంటే బాగుండేది. వాదించకపోవడం వల్ల ఇంట్లో అందరికీ ఆమె మీద భరించలేనంత జాలి కలిగింది. తర్వాత జరిగినదానికంతటికీ ఆ జాలే మూలం.

సత్యారావు కాఫీపొడి డబ్బా తీసుకెళ్ళి పక్క క్వార్టరులో బలరాం చేతిలో పెట్టాడు. బలరాంది శ్రీకాకుళం. సత్యారావు పనిచేసే మిల్లులోనే ఫిట్టరు. ఆదివారం పేపర్లో ఆరోగ్యం పేజీ ఒక్క అక్షరం వదలకుండా చదువుతాడు కనక, సెక్టర్ 7లో వాళ్ళ వీధికి అతనే ప్రైవేటు డాక్టరు.

"మంచి పని చేసినావు అన్నయ్యా" అన్నాడు డబ్బా అందుకుంటూ. "కాఫీ గుండెకి చెడ్డ. నిద్దర్ని చంపీస్తాది."

"కిందటి నెల్లో లివరుకి మంచిదన్నావు కదా?"

"అదీ నిజమే. లివరు బాగుంతాది, బుర్ర చురుగ్గుంతాది. రాసినోడు వేరు. ఏ వారం ఏది రాస్తే ఆ వారం అది నమ్మాలి. లేకపోతే మనం బతకలేం."

డబ్బా భద్రపరిచే బాధ్యతను బలరాం తన భార్య భాగ్యరేఖకి అప్పగించాడు. సత్యారావు తిరిగొచ్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. కూలరు గడ్డి సంగతి ఎవరికీ గుర్తులేదు.

మర్నాటి ఉదయం అప్పలనర్సమ్మ లేవలేదు. నలభై ఏళ్ళుగా తప్పని కాఫీ ఒక్కసారిగా ఆగిపోతే తల ఊరుకుంటుందా? కణతల దగ్గర సుత్తులతో కొడుతున్నట్టు నొప్పి. నుదుటికి పాత చీరముక్క బిగించి కట్టుకుని, కళ్ళు మూసుకుని పడుకుంది. సత్యారావు ఫస్ట్ షిఫ్టుకి వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర రెండుసార్లు ఆగాడు.

"ఎలాగుందమ్మా?"

"ఏటీ లేదు. ఎల్లు, షిఫ్టు దాటిపోతాది."

అతని సైకిలు వీధి మలుపు తిరగ్గానే పద్మశ్రీ పోపుల పెట్టె వెనక నుంచి చిన్న డబ్బా ఒకటి బయటికి తీసింది. పెద్ద డబ్బా భర్త చేతికిచ్చేముందు, ఎందుకైనా మంచిదని దోసెడు పొడి దాచింది. ఎందుకో అప్పుడామెకే తెలియదు. గ్లాసు నిండా పొగలు కక్కే కాఫీ తెచ్చి అత్తగారి మంచం దగ్గర కూర్చుంది.

"తాగీయండత్తా. ఒక్క గ్లాసుకేటీ అవదు. ఆయనకి మాత్రం చెప్పకండి, నామీద ఇరుచుకుపడిపోతారు."

"వద్దే, ఆడికి మాటిచ్చినాను."

"మాటిచ్చినారు సరే, ఈ నొప్పితో మీరు పడుంటే నాను చూడలేను."

కోడలి కళ్ళల్లో నీళ్ళున్నాయి. అప్పలనర్సమ్మ లేచి తాగింది. అరగంటలో తలనొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. నుదుటికి కట్టిన గుడ్డ విప్పి, మడతపెట్టి, తలగడ కింద పెట్టుకుంది.

పదింటి వేళ పప్పు చెరగడానికి పిలిచి భాగ్యరేఖ మరో గ్లాసు ముందు పెట్టింది. "మీ డబ్బాయే పెద్దమ్మా, మీ సొమ్మే. అలమర తీసినప్పుడల్లా వాసనొచ్చి నా ప్రాణం ఉసూరుమంటోంది. పాపం పెద్దమ్మ ఎలాగుందో అనీసి. మా ఆయనకి తెలిస్తే అలమరకి తాళమేసీస్తాడు, చెప్పకండి."

అప్పుడే ఒకటి తాగానని చెబితే పద్మశ్రీ గుట్టు బయటపడుతుంది. చెప్పకుండా వద్దంటే, ప్రేమగా చాచిన చెయ్యి చిన్నబోతుంది. అప్పలనర్సమ్మ తాగింది.

సాయంత్రం పద్మశ్రీ కూరలకి వెళ్ళగానే సత్యశ్రీ వేడినీళ్ళలో కలిపే కాఫీపొడి పొట్లం ఒకటి బజారు నుంచి తెచ్చి, నానమ్మకి కలిపిచ్చింది. ఆ పిల్ల భిలాయిలోనే పుట్టింది. తెలుగు కన్నా హిందీ తొందరగా వస్తుంది.

"మామ్మా, జల్దీ తాగేయ్. పాపాకి చెప్పకు. మమ్మీకి భీ చెప్పకు. కసమ్?"

"కసమేనే తల్లీ, ఒట్టు" అంది అప్పలనర్సమ్మ. ఒకరి రహస్యం ఇంకొకరి దగ్గర అనే అలవాటు ఆమెకి జన్మలో లేదు.

ఇలా కాఫీ మానిన మొదటి పూర్తి రోజున, ఎప్పుడూ రెండు గ్లాసులు తాగే మనిషి మూడు గ్లాసులు తాగింది. ముగ్గురిలో ప్రతివాళ్ళూ తామిచ్చేదొక్కటే అనుకున్నారు కనక, గ్లాసు పెద్దదిగానూ డికాషన్ చిక్కగానూ ఉండేలా చూశారు. తర్వాతి రోజుల్లో జాలి ఇంకా పెరిగింది. పద్మశ్రీ మధ్యాహ్నం కూడా ఇవ్వడం మొదలుపెట్టింది. భాగ్యరేఖ సాయంత్రం వాకింగ్ పేరుతో వచ్చి పిలుచుకుపోయేది.

ఇక అప్పలనర్సమ్మకి నిద్ర పట్టడం మానేసింది. తెల్లవారకముందే లేచి వరండా కడిగేది. అటక మీది ఇత్తడి సామానంతా దించి చింతపండుతో తోమేది. తోమినవే మళ్ళీ తోమేది. చేతులు సన్నగా వణికేవి. కూర్చుంటే గుండె దడదడలాడుతోందని లేచి నిలబడేది, నిలబడితే ఇంకా ఎక్కువైందని నడిచేది.

ఆ ఇంట్లో నిజంగా కాఫీ మానినవాడు సత్యారావు ఒక్కడే. తల్లికిచ్చిన మాట ప్రకారం ప్లాంటు క్యాంటీన్లో టీ కూడా ముట్టలేదు. పొద్దున మొదలైన తలపోటు షిఫ్టు దిగేదాకా వదలడం లేదు. కళ్ళు ఎర్రబడ్డాయి. ఎవరైనా గట్టిగా మాట్లాడితే మెడ వెనక నరం తెగినట్టుండేది. తనకే ఇలా ఉంటే అమ్మకి ఎలా ఉందోనని, వణికే ఆమె చేతులు చూసి లోలోపల ఏడ్చేవాడు. చివరికి ధైర్యం చాలక బలరాంని అడిగాడు.

"అది మామూలే అన్నయ్యా" అన్నాడు బలరాం. "మా సెక్షన్లో ఒకడు మందు మానీసినప్పుడు చేతులిలగే వణికినాయి. ఒంట్లో విషం బయటికి పోతన్నాది. ఇప్పుడు గానీ ఒక్క గుక్క ఇచ్చినావా, కత మొదటికొస్తాది."

"ఇవ్వను" అన్నాడు సత్యారావు. ఇంటికొచ్చి ఆ మాటే అందరినీ నిలబెట్టి చెప్పాడు. "ఇంట్లో కాఫీ చుక్క కనబడకూడదు. అమ్మ ప్రాణానికి సంబంధించిన విషయం." పద్మశ్రీ తల వంచుకుంది. సత్యశ్రీ కిటికీలోంచి బయటికి చూసింది. ఎవరికి వాళ్ళే, పాపం ఆవిడకి నేనొక్కదాన్నే దిక్కు అనుకున్నారు.

మర్నాడు మిల్లులో చిన్న ప్రమాదం తప్పింది. క్రేను కింద నిలబడి చేత్తో సైగ చేయాల్సిన సత్యారావు, తలపోటుతో కళ్ళు బైర్లుకమ్మి, పైకెత్తమని చెప్పాల్సిన చోట కిందికి దించమని చెయ్యి ఊపాడు. ఖాళీ ఇనప తొట్టి మెల్లగా, ఎంతో మర్యాదగా దిగివచ్చి అతని టిఫిన్ క్యారేజీ మీద కూర్చుంది. మనుషులెవరికీ దెబ్బ తగల్లేదు. క్యారేజీ మాత్రం అప్పడమైంది. ఇంజినీరు వచ్చి, అప్పడాన్నీ అతన్నీ మార్చి మార్చి చూసి, "రావ్‌జీ, రెండ్రోజులు ఇంట్లో ఉండండి" అన్నాడు. ఇరవై ఏళ్ళ సర్వీసులో అతన్నెవరూ అలా పంపలేదు.

దారిలో పబ్లిక్ ఫోన్ బూత్ కనబడితే, గుండె బరువు దించుకుందామని విజయనగరంలో ఉన్న అక్క జ్ఞానప్రసూనకి ఫోన్ చేశాడు. లైన్లో గాలివాన వీస్తున్నట్టు చప్పుడు.

"అప్పా, అమ్మ కాఫీ మానేసింది!" అని అరిచాడు.

అవతల నుంచి "ఓలమ్మో!" అన్న కేక. అంతటితో లైను తెగిపోయింది. మళ్ళీ కలవలేదు.

సత్యారావు అబద్ధమాడలేదు. జ్ఞానప్రసూన తప్పుగానూ వినలేదు. కానీ నాన్న పోయిన మర్నాడు కూడా కాఫీ మానని అమ్మ ఇప్పుడు మానేసిందంటే, దానికి ఆమె కూతురుగా ఒక్కటే అర్థం తీసుకోగలదు. అమ్మకి ఇష్టమని మరపట్టించిన కాఫీపొడి ఒక పొట్లం, కట్టుకోడానికి రెండు చీరలు సంచిలో పడేసుకుని దుర్గ్ వెళ్ళే బండి ఎక్కింది.

మర్నాడు మధ్యాహ్నం భిలాయి పవర్‌హౌస్ స్టేషన్లో దిగేసరికి, తండ్రితో పాటు పనిచేసిన రామమోహనరావు ఎదురుపడ్డాడు. ఆయన ఇప్పటికీ క్యాంప్ 1లోనే ఉంటాడు.

"ఏటమ్మా ఇలగ ఒక్కదానివీ వచ్చినావు?"

"అమ్మ..." అంది జ్ఞానప్రసూన. అంతలో కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఆయన ఇంకేమీ అడగలేదు. పెద్దమనిషి కనక, సగం మాటతోనే సంగతంతా అర్థం చేసుకుని, నలుగురికీ చెప్పడానికి క్యాంప్ 1 వైపు నడిచాడు.

ఆ సాయంత్రం సత్యారావు ఇంటికి మనుషులు రావడం మొదలైంది. పాతకాలపు వాళ్ళు, ప్లాంటు కట్టేటప్పుడు ఇటుకలు మోసినవాళ్ళు, అప్పలనర్సమ్మ చేతి పులుసు తిన్నవాళ్ళు. ఒక్కొక్కరే వచ్చి, చెప్పులు బయట విడిచి, చప్పుడు చేయకుండా గోడవారన కూర్చున్నారు. పగలంతా తలపోటుతో లోపలి గదిలో పడుకున్న సత్యారావుకి ఇంతమంది ఎందుకొచ్చారో అర్థం కాలేదు. అమ్మ పరిస్థితి తనకన్నా వాళ్ళకే బాగా తెలుసేమోనని భయపడి, ఏమీ అడక్కుండా అందరికీ మంచినీళ్ళు అందించాడు. పాడైన కూలరు వేడిగాలి చిమ్ముతుంటే అందరూ కండువాలతో విసురుకుంటూ, పోయినవాళ్ళ గురించి గొంతు తగ్గించి చెప్పుకున్నారు.

హాలు మధ్యలో మంచం మీద అప్పలనర్సమ్మని బలవంతంగా పడుకోబెట్టారు. పడుకోవడం ఆమె వల్ల కావడం లేదు. దుప్పటి కింద కాళ్ళు రెండూ నడుస్తూనే ఉన్నాయి.

"వదినగారూ, ఏదైనా తినాలనున్నాదా?" అని అడిగాడు రామమోహనరావు.

"ఏటీ వద్దు బావుగారూ. నాకేటైనాది? అందరూ ఎందుకొచ్చినారు?"

ఆయన కండువాతో కళ్ళొత్తుకుని సత్యారావు వైపు తిరిగాడు. "చూసినావా, తెలివిలోనే ఉన్నాది. మనిషికి కోరిక మిగిల్చీకూడదు బాబూ."

కుర్చీలు సరిపోక సత్యారావు పక్కింటికి వెళ్ళాడు. ఆ సందులో జ్ఞానప్రసూన వంటింట్లో దూరి, తను తెచ్చిన పొడితో కాఫీ కలిపి, తల్లిని లేపి కూర్చోబెట్టి, తలకి చెయ్యి ఆనించి, గంగ పోసినంత భక్తిగా తాగించింది. "తమ్ముడికి చెప్పకమ్మా" అంది ఏడుస్తూ. అప్పలనర్సమ్మకి అది ఆ రోజుకి ఆరో గ్లాసు.

సత్యారావు కుర్చీలతో తిరిగొచ్చేసరికి ఆమె మంచం దిగి గది మధ్యలో నిలబడి ఉంది. నుదుట చెమటలు పట్టాయి. గుండె మీద చెయ్యి పెట్టుకుని, "ఒరే సత్యా, గుండి గాభరాగా ఉన్నాదిరా. బండి ఇంజను పెట్టినట్టున్నాది లోపల" అంది.

ఎవరో శోకం ఎత్తుకున్నారు. బలరాం పరిగెత్తి ఆటో పిలిచాడు.

హెల్త్ సెంటర్లో అదే డాక్టరమ్మ ఉంది. అప్పలనర్సమ్మని బల్ల మీద పడుకోబెట్టి, నాడి చూసి, గుండె విని, కాగితం మీద గీతలు తీసే యంత్రం పెట్టి చాలాసేపు పరీక్షించింది. గుమ్మం బయట గుంపంతా ఊపిరి బిగపట్టుకుని నిలబడింది. చివరికి డాక్టరమ్మ తలెత్తి, ఈవిడ పొద్దుటి నుంచి ఏం తాగింది అని అడిగింది.

"మజ్జిగ, బార్లీ నీళ్ళు. మీరు చెప్పినట్టు కాఫీ పూర్తిగా మాన్పించాం మేడమ్" అన్నాడు సత్యారావు.

అప్పలనర్సమ్మ కళ్ళు మూసుకుంది. ఆ మూసుకున్న కళ్ళు చూడగానే పద్మశ్రీకి భయం వేసింది. తను పోసిన కాఫీయే ఆవిడ ప్రాణం తీస్తోందనుకుంది.

"నాను ఇచ్చినాను. పొద్దుట ఒకటి, మజ్జాన్నం ఒకటి" అని ఏడ్చేసింది.

"నువ్విచ్చినావా? మరి నాను రెండిచ్చినాను కదే!" అంది భాగ్యరేఖ. బలరాం భార్య వైపు తిరిగిన తిరుగుడుకి ఆమె పద్మశ్రీ వెనక్కి జరిగింది.

"మైనే భీ దియా" అంది సత్యశ్రీ. "నాదొక్కటే."

"నాను ఇప్పుడే ఇచ్చినాను. ఆఖరిదనుకున్నాను" అంది జ్ఞానప్రసూన.

సత్యశ్రీ హిందీలో చెబుతుంటే డాక్టరమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టింది. తర్వాత కుర్చీలో వెనక్కి ఆనుకుని, కొంచెంసేపు పైకప్పు వైపు చూసింది. అలవాటైన మనిషి రోజుకి రెండు గ్లాసులు తాగితే భయపడాల్సిందేమీ లేదని, ఆరు తాగితే ఎవరి గుండైనా ఇలాగే గంతులేస్తుందని, నిద్ర పోతుందని, చేతులు వణుకుతాయని, ఉన్నట్టుండి పూర్తిగా మానితే తలనొప్పి వస్తుందని నిదానంగా చెప్పింది. ఇప్పుడావిడ బీపీ ఆందోళన పడేంత లేదంది. ఇంతకీ వారం మానమని ఎవరన్నారని అడిగింది.

"మీరే కదా మేడమ్. బినా కాఫీ పియే అన్నారు."

"వచ్చే పూట తాగొద్దన్నాను."

గుంపులో ఎవరో దగ్గారు. సత్యారావు తల్లి వైపు తిరిగాడు. "నీకు సరిగ్గానే వినబడిందన్నమాట. మరి నాకెందుకు గట్టిగా చెప్పలేదమ్మా?"

అప్పలనర్సమ్మ లేచి కూర్చుంది. ఆమె గొంతులో కోపం లేదు. "నీ మొగం చూసినాను. మీ నాన్నప్పుడు ఎలగున్నాదో అలగున్నాది. నాను కాదంటే ఆ బయం నీకింకా ఎక్కువైపోతాదనీసి ఊరుకున్నాను. నువ్వు మానమన్నావు, అలాగే అన్నాను. ఈళ్ళు తాగమన్నారు, అలాగే అన్నాను. అందరూ నా మంచికే సెప్పినారు. నీకేటి కావాలే అని మాత్రం ఒక్కరడగలేదు."

పద్మశ్రీ అత్తగారి చెయ్యి పట్టుకుంది. సత్యారావు ఏదో అనబోయాడు. వారం రోజులుగా బిగబట్టినదంతా ఒక్కసారి నెత్తికెక్కింది. ఇద్దరు డాక్టరమ్మలు కనిపించారు. బల్ల అంచు పట్టుకున్నాడు కానీ, బల్ల కూడా రెండుగానే ఉంది.

డాక్టరమ్మ అతన్ని కూర్చోబెట్టి, అడగకుండానే చేతికి పట్టీ చుట్టింది. ఒకసారి చూసింది. ఇంకో చేతికి మార్చి మళ్ళీ చూసింది. ఆమె మొహంలో నవ్వు పోయింది.

"మీరెప్పుడైనా బీపీ చూపించుకున్నారా?"

"నాకెందుకు మేడమ్? పేషెంటు అమ్మ."

"తలనొప్పి ఎన్నాళ్ళ నుంచి?"

"కాఫీ మానినప్పటి నుంచి."

"కాదు. ముందు నుంచే ఉన్నాది" అంది పద్మశ్రీ, నీరసంగా. "ఎండకనీసి ఒకసారి, షిఫ్టుకనీసి ఒకసారి అంటారు. మా మావగారిలాగే మెడ వెనక పట్టుకుని కూచుంటారు. నాను చూస్తన్నాను."

కాఫీ మానితే వచ్చే తలనొప్పి వేరు, ఇది వేరంది డాక్టరమ్మ. ఇలాగే ఇంకొన్నాళ్ళు వదిలేస్తే ఏమయ్యేదో చెప్పబోయి, పద్మశ్రీ మొహం చూసి ఆగిపోయింది. ఆమె చెప్పనక్కర్లేకపోయింది. ఆ ఇంట్లో వాళ్ళందరికీ అద్దం ముందు పడిపోయిన మనిషి గుర్తున్నాడు. అప్పలనర్సమ్మని బల్ల మీద నుంచి దింపి, ఆ బల్ల మీదే సత్యారావుని పడుకోబెట్టారు. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళే బండి వచ్చింది.

రాత్రి బాగా పొద్దుపోయేసరికి అతనికి మందు పడింది, మెడ వెనక బిగువు సడలింది. వార్డులో మంచం పక్కన తల్లి నిలబడి, వణుకుతున్న చేత్తోనే అతని నుదురు రాస్తోంది.

"అమ్మా, నిన్ను చంపేసేవాణ్ణి" అన్నాడు.

"ఊరుకో. నాను కాఫీ మానకపోతే నీకిది తెలిసీదేటి?"

"నువ్వు మానలేదు కదే!"

"నువ్వు మానినావు కదా. ఒకరు మానినా చాలింది" అంది ఆమె. ఇద్దరూ నవ్వారు. నవ్వుతుండగానే అతని కళ్ళల్లోంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి. ఆమె కొంగుతో తుడిచింది. "రేపటి నుంచి నాకు రెండు గ్లాసులు. నా చేత్తో నాను పెట్టుకుంతాను. నువ్వు మాత్రం ఆవకాయ జోలికెల్లకు, ఉప్పు తగ్గించమన్నాది డాట్రమ్మ. ఈసారి నాను సరిగ్గానే విన్నాను."

ఇంతలో నర్సు వచ్చింది. వార్డులో ఇంతమంది ఉండకూడదని, తెల్లవారేదాకా పేషెంటు దగ్గర ఒక్కరే ఉండాలని, ఒంట్లో బాగున్నవాళ్ళెవరో తేల్చుకోమని చెప్పింది. పద్మశ్రీ ఏడ్చి ఏడ్చి నిలబడలేకపోతోంది. జ్ఞానప్రసూనకి రైలు ప్రయాణంతో జ్వరం తగిలింది. బలరాంకి పొద్దున్నే షిఫ్టు ఉంది. రామమోహనరావు స్వయంగా ఒక పేషెంటులాగే ఉన్నాడు. అప్పలనర్సమ్మ స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది.

గంటగంటకీ మెలకువగా ఉండి చూసుకోవాలి, నిద్రపోకూడదు అని నర్సు హెచ్చరిస్తే, ఆ విషయంలో మాత్రం ఎవరూ బెంగపెట్టుకోనక్కర్లేదని ఆమె హామీ ఇచ్చింది.